నూట ఏడు నంబరు నిప్పు

1939 మార్చి 12, సాయంత్రం

ఇవాళ మా ఆయన రిటైర్ అయ్యారు. ఆయన ఇంజన్ కూడా ఇవాళే రిటైర్ అయింది. నూట ఏడు నంబరు. గ్లాస్గోలో పుట్టిందట, మా పెళ్లికి ముందే నాంపల్లికి వచ్చింది. ఇక్కడ ఒక ఇంజన్‌కు ఒకడే డ్రైవర్. దాని మీద ఇంకొకరు చెయ్యి వేస్తే ఈయనకు అన్నం సయించదు. దానికి సవతి అని పేరు పెట్టాను. మొహం మీదే అంటాను, నవ్వుతారు.

దాన్ని తుక్కు చేయరట. పాతకాలపు విలాయతి ఇంజన్ కదా, రంగు వేసి స్టేషన్ పక్కన తోటలో షోకు పెడతారట. సంతోషం. మరి ఇంటికొచ్చిన మనిషి చేతిలో ఆ బకెట్ ఏమిటి? బకెట్ నిండా నిప్పులు!

ఫైర్‌మన్ బీరయ్య వెనకాలే వచ్చి సంగతి చెప్పాడు. షెడ్డులో ఇంజన్‌ను అగ్గిపుల్లతో అంటించరట. పక్క ఇంజన్‌లోని నిప్పు పారతో తెచ్చి వేస్తారట. ఇవాళ ఆఖరు మంట దించుతుంటే సారు ఆర్పనియ్యలేదమ్మా, గీ నిప్పు సావొద్దన్నరు, అని.

తెచ్చి నా కుంపట్లో పోశారు. ఇది ఆరిపోవద్దు సౌభాగ్యా, అన్నారు.

1939 ఏప్రిల్ 2

క్వార్టర్ ఖాళీ చేశాం. ఆబిడ్స్ వెనక గల్లీలో కిరాయి ఇల్లు. సామానంతా బండి మీద వెళ్లింది. నిప్పు మాత్రం కుండలో పోసుకుని, ఆయన ముందు నడిచారు, వెనక నేను. నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచేది ఎప్పుడో లోకానికి తెలియదా? గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక ముసలాయన చెప్పులు విడిచి దండం పెట్టి, ఎవరు పోయిన్రు బిడ్డా అని నన్నే అడిగాడు. సిగ్గుతో చచ్చాను. కొత్త ఇంట్లోకి వచ్చే తీరు ఇదా!

పాలు ఆ నిప్పు మీదే పొంగించాను. బాగానే పొంగాయి. ఏం చేస్తాం.

1939 జూన్ 9

నిప్పు ఉంది. నాకే ఓపిక లేదు.

1940 ఫిబ్రవరి 20

వరంగల్ నుంచి ఇవాళే వచ్చాను. మా అమ్మాయి పద్మ కొడుక్కి పుట్టువెంట్రుకలు తీశారు. తాతగారు రాలేదేమని వియ్యపురాలు పదిమందిలో అడిగింది. కుంపటికి కాపలా ఉన్నారని ఏ నోటితో చెప్పను? జ్వరమన్నాను. ఇంటికొచ్చి చూస్తే ఈయన వేళ్లు కాల్చుకుని చెంచాతో అన్నం తింటున్నారు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కూ ఇదే వరస, ఆయన ఒకరోజు, నేను ఒకరోజు. మొగుడూ పెళ్లాం కలిసి గడప దాటి ఏడాది కావస్తోంది.

ఒళ్లు మండి, చెంబెడు నీళ్లు పోసేస్తానన్నాను. ఆయనకు కోపం రాలేదు. ఇంజన్ సల్లగైంది, నేనూ సల్లగైన, గిదొక్కటన్న ఉండనీవే, అన్నారు.

చెంబు పక్కన పెట్టి కుంపట్లో రెండు బొగ్గులు వేశాను.

1940 ఆగస్టు 3, మధ్యాహ్నం

వాన. ఆయన తోటకు పోయారు, ఇంజన్ ఇత్తడి తుడవడానికి. రోజూ పోతారు. పిల్లలు దాని మీదెక్కి ఆడతారట, పొగగొట్టంలో కాకి గూడు పెట్టిందట.

వంటింటి పెంకు జారి ధార నేరుగా కుంపట్లో పడింది. బుస్సుమంది. పరుగెత్తి ఇవతలకు లాగి బూడిద కెలికితే అడుగున ఒక్కటంటే ఒక్క కణిక ఎర్రగా ఉంది. దాన్ని కొబ్బరిపీచులో పెట్టి ఊదాను, ఊదాను, కళ్లు ఎర్రబడి తల తిరిగేదాకా ఊదాను. ఎవరి ఇంజన్, ఎవరి నిప్పు, నాకెందుకీ ఏడుపు? ఏడుస్తూనే ఊదాను.

అంటుకుంది.

ఆయనకు చెప్పలేదు. చెప్పను కూడా.

1942 మే 17

బీరయ్య వచ్చాడు. ఇప్పుడు అతనే డ్రైవర్. యుద్ధం వచ్చి ఇంజన్లు చాలడం లేదట. తోటలో ఉన్న మన నూట ఏడును కూడా తీసుకుపోయి రిపేరు చేశారు, షోకు వేసిన రంగంతా గీకి నలుపు పూశారు. రేపు అంటిస్తున్నరు సారూ, నాకే ఇచ్చిన్రు, అన్నాడు. చెప్పడానికి జంకుతూనే చెప్పాడు.

ఆయన లేచి కోటు తొడుక్కున్నారు. రేపు గద సారూ, అని బీరయ్య చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

1942 మే 18

కుంపటి చెరొక వైపు పట్టుకుని షెడ్డుకు పోయాం. ఆడమనిషి షెడ్డులోకి రావడమేమిటని ఒకరిద్దరు గొణిగారు. ఫస్టు పార అమ్మదే, మూడేండ్లు సాదింది గామె, అని బీరయ్య గట్టిగా అన్నాడు. నన్ను పైకెక్కించి పార చేతికిచ్చాడు. ఫైర్ బాక్స్‌లో కట్టెలు పేర్చి ఉన్నాయి. వేశాను.

రెండు కణికలు ఇంటికి ఉంచుకుందామా అని ఆయనను మెల్లగా అడిగాను. పిల్లను అత్తారింటికి తోలి కాలొకటి మన దగ్గర పెట్టుకుంటమా, అన్నారు. మొత్తం వేసేశాం.

సాయంత్రానికి అది కదిలింది. బీరయ్య కూత వేశాడు. ఆయన అందరి ముందూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

1942 మే 19

బేగం బజార్ పోదామని ఇద్దరం కలిసి ఇంటికి తాళం వేశాం. గల్లీ చివరిదాకా వచ్చాక నా కాళ్లు ఆగిపోయాయి. నిప్పు చూసి వస్తానన్నాను.

ఆయన నవ్వలేదు. తాళంచెవి ఇచ్చారు.