కుందేలు బొమ్మ బ్యాగు

దోహా, 1996 మే, గురువారం రాత్రి

తెల్లవారితే నా గదిలోనే ఉండే మా ఊరి అన్వర్ భాయ్ వెకేషన్ మీద ఊరికి వెళ్తున్నాడు. మా స్వప్న వచ్చే నెల ఆరో తరగతికి హైస్కూలుకు పోతుంది. అందుకని భాయ్ చేత పంపుదామని, డ్యూటీ దిగగానే బజారుకు పరుగెత్తి, కుందేలు బొమ్మ ఉన్న గులాబీ రంగు బ్యాగు తెచ్చాను.

భాయ్ దాన్ని తిప్పి చూశాడు. "అరె మల్లేశం, నీ బిడ్డ ఎంత ఎత్తుంటది?"

నా నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

"అది నువ్వొచ్చిననాటి ఎత్తు. ఐదేండ్లాయె! గిండ్ల హైస్కూలు పుస్తకాలు పడ్తయా?"

మళ్లీ పరుగెత్తాను. దుకాణాలు మూసేశారు. ఈ బ్యాగు పంపితే తోటిపిల్లలు నవ్వుతారు. బిడ్డకు ఒట్టి చేతులు చూపమని భాయ్‌కి ఎలా చెప్పను?

మొన్నామధ్య బూట్ల కొలతకని కాగితం మీద పాదం పెట్టి గీసి పంపింది స్వప్న. ఆ కాగితాన్ని దుకాణంవాడి చేతికిచ్చి, వాడిచ్చిన డబ్బా తెచ్చానే గాని, నేనెన్నడూ సరిగా చూడలేదు. ఇప్పుడు ఆ కాగితం బయటికి తీసి, గీసిన పాదం మీద చెయ్యి పెట్టాను. నేను బయల్దేరిననాడు చెప్పులు తొడిగితే ఆ పాదం నా చేతిలో ఇమిడింది. ఇప్పుడు గీత నా వేళ్ల కొసలు దాటిపోయింది.

ఇన్నాళ్లూ నేను ఏ పిల్లకు సామాన్లు పంపుతున్నాను?