కోత పండుగలో నల్లపెట్ట

ప్రియమైన సత్యమ్మకు,

ప్రభువు కృపలో నీ పెనిమిటి వందనాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం మన ఆనవాయితీ. కానీ ‘అందరం’ దగ్గర కలం కాస్త ఆగింది. కాబట్టి నేను క్షేమం, మేక క్షేమం అని రాస్తున్నాను. మిగతావాళ్ళ సంగతి నెమ్మదిగా చెబుతాను. అక్కడ బిడ్డ అశ్రిత, పసిది, నువ్వు బాగున్నారని తలుస్తాను. పసిదానికి నా ముక్కు వచ్చిందని రాశావు. పెరిగేకొద్దీ సర్దుకుంటుందిలే.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. నేను చెప్పేది నీకన్నా ముందు మన వియ్యపురాలు వింటుంది. అందుకే అల్లుడు నవీన్ చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ గోళీలు వేసుకుంటున్నాను. బీరపాదు గోడెక్కింది, మన వైపు ఆకులు, పక్కింటి రషీద్ వైపు కాయలు. ఇక నల్లపెట్ట, దాని పిల్లలు ఎలా ఉన్నాయని అడిగావు. దానికి వస్తాను. ముందు కోత పండుగ సంగతి విను.

ఆ ఆదివారం మన పాస్టరు అయ్యగారు కీసర సంఘానికి వెళ్తూ వాక్యం చెప్పే పని నాకు అప్పగించారు. ఏళ్ళ తరబడి బస్సులో టికెట్లు కొట్టిన గొంతు, మైకు అక్కర్లేదనుకున్నారో ఏమో. సృష్టిని చూస్తే సృష్టికర్త గుణం తెలుస్తుందన్నది నా అంశం. ఆకాశం, కొండలు అని మొదలుపెడితే మనవాళ్ళు నిద్రపోతారు. అయినా గుండ్లపోచంపల్లిలో ఇప్పుడు కొండ కనబడాలంటే గోదాముల మీదికి ఎక్కాలి. అందుకే నల్లపెట్టను, పిల్లలను గంపలో పెట్టి, పైన నీ పాత చీర కప్పి చర్చికి తీసుకెళ్ళాను.

ఈసారి కానుకలు నువ్వు చూడాల్సింది. పొలాలన్నీ ప్లాట్లయ్యాక కోత ఎక్కడిది? సగం మంది మేడ్చల్‌లో కొని తెచ్చారు. ఒక గుమ్మడికాయ మీద ధర చీటీ కూడా అలాగే ఉంది. ఆ కానుకల మధ్య కాస్త జాగా కనిపిస్తే గంప అక్కడే దించాను. నేను చేసిన తప్పు అదే.

వాక్యం మాత్రం బ్రహ్మాండంగా సాగింది. గంప తెరవగానే పిల్లలు బెంచీల కిందికి చెల్లాచెదురయ్యాయి. పెట్ట ఒక్క పిలుపు పిలిచేసరికి అన్నీ ఉరికొచ్చి రెక్కల కింద దూరాయి. “దేవుడు గూడ మనల్ని గిట్లనే కాస్తడు” అన్నాను. ముందు బెంచీలో కూర్చున్న పార్వతీదేవి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అది చూసి నాకు ఊపొచ్చింది. “దేవునికిచ్చినంక మల్ల ఎన్కకు అడుగుతమా?” అని కూడా అనేశాను. ఆ మాట ఎవరూ అడగలేదు.

ఆరాధన అయ్యాక కానుకల హర్రాజు మొదలైంది. నేను గుమ్మం దగ్గర నిలబడి పొగడ్తలు అందుకుంటున్నాను. తిరిగి చూస్తే, హర్రాజు పాట పాడించే అరుణ్ చేతిలో నల్లపెట్ట. ఆపమని చెయ్యెత్తాను.

“నర్సన్న పాడిండు. ఇంకెవరన్న ఉన్నరా?” అన్నాడు, నేను పాట పెంచాననుకుని.

కోడి నాదని చెబుదామంటే ఇందాకటి మాట గొంతుకు అడ్డం పడింది. జేబులో ఉన్నది అప్పటికే కానుక సంచిలో పడిపోయింది. ఏటా సొరకాయల కోసం వచ్చే మన రషీద్ వెనక నుంచి చెయ్యెత్తాడు. కోడి, పిల్లలు, గంప, నీ చీర, అన్నీ ఆయన పాలయ్యాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను సత్యమ్మా.

రషీద్ అంటే నాకు భయం లేదు. ఆయన భార్య సైదా అంటేనే. నల్లపెట్ట ఆమె పుదీనా మడి గీరేసిన రోజు మీరిద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి అన్నది వాడకట్టంతా విన్నది. “మల్లొస్తే హండీల ఏస్త” అన్నది ఆమె. “ఏసి సూడు” అన్నావు నువ్వు. అప్పటినుంచి మీకు మాటలు బంద్. ఇప్పుడు కోడిని నేనే ఆమె పొయ్యి మీది హండీ దాకా సాగనంపినట్టయింది.

మర్నాడు పొద్దున, వాన వెలిశాక వాళ్ళింటికి పోయాను. గుమ్మంలోకే ఉల్లిగడ్డలు వేగే వాసన వచ్చింది. “పెట్ట...” అని మాత్రం అనగలిగాను.

సైదా గరిటె పట్టుకునే పెరట్లోకి నడిచింది. పుదీనా మడి నడుమ నల్లపెట్ట తడిసి సగమై కూర్చుని ఉంది. దాని మీదికి ఒక గొడుగు వంచి ఇటుకల మధ్య నిలబెట్టారు.

“వానల లెవ్వనే లెవ్వలే భయ్యా. లోపటికి తెద్దమని పోతే పొడ్సింది. అందుకే గీ గొడుగు పెట్టిన. గప్పటికే తాను మొత్తం నానింది, పిల్ల ఒక్కటి తడ్వలే. సూస్తుంటె నాకు ఏడుపొచ్చింది. అల్లా గూడ మనల్ని గిట్లనే దాస్తడేమో.”

నేనూ చర్చిలో అదే మాట చెప్పాను, గొంతు చించుకుని. కానీ చెబుతున్నప్పుడు నా చూపు కోడి మీద లేదు, ఎవరెవరు ఏడుస్తున్నారా అని జనం మీద ఉంది. ఆ బురదలో నిలబడ్డాకే కోడిని చూశాను. హండీలో వేస్తానన్న మనిషి పెట్టిన గొడుగు కింద అది కూర్చుంది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిగడ్డల మీదికి నెట్టేశాను.

కోడిని మళ్ళీ ఇమ్మని అడిగాను.

“ఇస్త. గని నీకియ్య. సత్తెక్కను రమ్మను.”

“పుదీన మల్ల మొత్తం పోయింది గద సైదమ్మా?”

“అందుకే రమ్మంటున్న. నీతోని ఏం కొట్లాడ్త? గోడ అవుతల సప్పుడు లేక మస్తు దినాలాయె.”

మేడ్చల్‌లో పుదీనా వేర్లు కొని తడిగుడ్డలో చుట్టి ఉంచాను. నువ్వు వచ్చే రోజు వాటిని పట్టుకుని బస్టాపులోనే నిలబడతాను. ఇంటి తాళం నా జేబులో ఉంటుంది, ఇవ్వను. ముందు సైదా గడప తొక్కు. నల్లపెట్ట నీ కోసం ఎదురుచూస్తోందని అబద్ధం రాయను. దానికి పుదీనా దొరికింది, నువ్వు గుర్తున్నట్టు లేదు. ఎదురుచూస్తున్నది సైదా.

ఇట్లు,
నీ చీర సంగతి కూడా ఒప్పుకున్న
నీ పెనిమిటి నర్సయ్య