గంటమ్మకు ఇంగ్లీషు పేరు

మల్లీశ్వరి పాపకు,

మీ చిన్నమ్మ హనుమంతమ్మ దీవెనలు. ఫోన్ ఎప్పుడూ నా కొడుకు జయరాం జేబులోనే ఉంటాది, అందుకే బస్సు కండక్టరుతో ఈ కాగితం పంపుతాండా. మా గంటమ్మ గుర్తుండాదా? మెడలో గంట కట్టుకొని మంద ముందర నడిచే ముసలి గొర్రె. ఈనేది నిలిచిపోయింది, పండ్లు ఊడినాయి, శనివారం దాన్ని కోతకు పోయే లారీ ఎక్కిస్తానంటాడు జయరాం. ముందర నడిచేదాన్ని అమ్మితే మంద చెదిరిపోతాదిరా అంటే వినడు. బెంగుళూరు నుంచి వచ్చినప్పటి నుంచి వానికి ఇంగ్లీషులో ఉండేదే నిజం. నువ్వు అనంతపురం కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదానివి. గంటమ్మకు మర్యాదైన ఇంగ్లీషు మాట ఒకటి రాసి పంపు.

మీ చిన్నమ్మ

తా.క.: మాట పొడుగ్గా ఉండాల. పొడుగుదైతే వాడు భయపడతాడు.

---

చిన్నమ్మకు నమస్కారాలు.

ఆడగొర్రెను ‘యూ’ అంటారు. మరీ పొట్టి మాట, నాకే నచ్చలేదు. పండ్లు పోయినదాన్ని ‘బ్రోకెన్ మౌత్డ్ యూ’ అంటారు. పొడుగుగానే ఉంది కానీ మర్యాద సంగతి అనుమానమే. రాసి కొట్టేశాను, మళ్లీ రాశాను.

మల్లీశ్వరి

తా.క.: అలాంటి గొర్రెలను మంద నుంచి ఏరేయడాన్ని ‘కల్లింగ్’ అంటారు. ఇది జయరాంకు చెప్పకు.

---

ఏమే మల్లీ,

ఎంత పని చేస్తివే! కండక్టరు నీ జాబు జయరాం చేతికే ఇచ్చినాడు. వాడు కింద నుంచి పైకి చదివినాడు. పొద్దున లేస్తే కల్లింగ్, పండుకుంటే కల్లింగ్. గంటమ్మను కల్లింగ్, కుక్కి మంచాన్ని కల్లింగ్. శనివారం దగ్గరపడె. బిరీన ఇంకో మాట పంపు.

చిన్నమ్మ

తా.క.: నాకూ పై పండ్లు లేవు, నన్నేం చేస్తావురా అని అడిగితే చెప్పులేసుకొని బయటికి పాయె.

---

చిన్నమ్మా,

క్లాసులో నిలబడినా గంటమ్మే కళ్ల ముందు. మొత్తానికి దొరికింది! మెడలో గంటతో మందను నడిపించేదాన్ని ‘బెల్‌వెదర్’ అంటారు. పెద్ద పెద్ద కంపెనీలకు కూడా ఈ మాట వాడతారు. తమ్ముడూ జయరాం, ఈ జాబూ ముందు నువ్వే చదువుతావని తెలుసు. అది ఎటు పోతే మంద మొత్తం అటే పోతుంది. గుర్తుపెట్టుకో.

మల్లీశ్వరి

తా.క.: నిజానికి ఆ మాట విత్తులు కొట్టిన పొట్టేలుది. రాయకుండా ఉండలేకపోయాను.

---

మల్లీ,

నీ మాట బాగా పని చేసింది, అవతలి పక్కకు. ‘మంద మొత్తం అటే పోతాదంట’ అని జయరాం గంటమ్మను ముందర లారీ ఎక్కించినాడు. అమ్మాల్సిన పొట్టేళ్లు ఎక్కె. అమ్మకూడని చూడి గొర్రెలు ఎక్కె. పక్కింటి ఎస్తేరు మేకలు కూడా ఎక్కె! గంటమ్మను దించితే అన్నీ దిగె. లారీ రామదాసు పగలబడి నవ్వి, ‘దీన్ని కొయ్యొద్దప్పా. వారం వారం నాతో పంపు. ఊరూరా ఇది ముందర ఎక్కితే మిగతావి గలాటా లేకుండా ఎక్కుతాయి. మాపటికి తెచ్చి ఇంటి కాడ దింపుతా’ అన్నాడు. జయరాం సరే అన్నాడు. గంటమ్మ బతికింది!

చిన్నమ్మ

తా.క.: ఈ ఉద్యోగాన్ని ఇంగ్లీషులో ఏమంటారు? వాడు బోర్డు రాపిస్తాడంట.

---

చిన్నమ్మా,

ఎన్ని కాగితాలు చించానో. తోటివాటిని కోతకు ఎక్కించి తాను మాత్రం దిగివచ్చేదాన్ని ‘జూడాస్ గోట్’ అంటారు. జూడాస్ ఎవరో ఎస్తేరును అడుగు. గంటమ్మ బతికింది, అదే చాలు అనుకోవాలా? నాకు తేలడం లేదు.

మల్లీశ్వరి

తా.క.: ఈసారి కింద రాయడానికి ఏమీ లేదు.

---

మల్లీశ్వరి పాపకు,

ఎస్తేరు అంతా చెప్పింది. ముద్దు పెట్టి మరీ ఏసును పట్టిచ్చినాడంట కదా! జయరాం ఆ పేరు విని బోర్డు వద్దన్నాడు, పని మాత్రం మంచిదే అన్నాడు. నేను అడిగినా: ‘ఇన్నేండ్లు పొట్టేళ్లకు ఆకుల రెమ్మ చూపిచ్చి లారీ దాకా పిల్చుకపోయి, ఇంటికొచ్చి సంగటి తిన్నది ఎవరురా? నేనే కదా. ఆ పేరు నాది. నోరు లేనిదానికి అంటగట్టొద్దు.’

వాడు పోయి గంటమ్మ ముందర ఇంత మేత ఏసొచ్చినాడు. తర్వాత ‘ఉండనీలే మా, ఈడే’ అన్నాడు. తెలుగులోనే అన్నాడు. శనివారం నేనే రెమ్మ పట్టుకొని లారీ ఎక్కినా. మా పొట్టేళ్లు నా వెనకాలే ఎక్కినాయి. గంటమ్మ కొట్టంలో నెమరేస్తా ఉండాది.

చిన్నమ్మ

తా.క.: గంటమ్మ బదులు నన్ను ఊరూరా రమ్మంటాండాడు రామదాసు. రానంటిని. మన పొట్టేళ్ల వరకే ఆ పేరు మోస్తా. ఊరందరి పొట్టేళ్లకూ జూడాస్‌ను కావాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవు.