ఇంజనుకి తలంటు

ఏవండీ,

కారు ఇప్పుడు స్టార్టవుతుంది. నాలుగింటికి వైజాగ్ నుంచి మన దీవికొచ్చే ఓడలో అత్తయ్యగారు దిగుతారు, జెట్టీకి ఆలస్యం చెయ్యకండి.

పొద్దున ఎంత తిప్పినా పలకలేదు. బీయస్సీ చదివానుగా, వరసగా చూశాను. బ్యాటరీ బాగుంది, పెట్రోలు వస్తోంది, ప్లగ్గులో మాత్రం నిప్పురవ్వ లేదు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల నీళ్లు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా కారుని మంచినీళ్లతో కడగమని మీరన్నారు కదా, నిన్న బానెట్ ఎత్తి ఇంజనుకి కూడా తలంటు పోశాను.

తుడిచాక ఇంజను మోగింది. నేను గంతేస్తుంటే పక్కింటి దయావతి దీదీ గోడమీంచి చూసి, "ఏం పెళ్లికూతురా, కారుకి కాన్పయిందా?" అంది.

చేపలకి పడవెక్కి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్ బజారుకి వెళ్తున్నాను.

మీ సారా

తుడవడానికి చేతికందింది అత్తయ్యగారు కుట్టిన మీ పెళ్లి చొక్కా. ఆవిడ చొక్కాకేమైందని అడిగితే కారు మీరే బాగుచేశారని చెప్పండి. మెప్పంతా మీకే వదిలేస్తున్నాను.