బెల్లం ముక్కే రసీదు

రాయపూర్,
11-7-1983, సోమవారం.

మహారాజశ్రీ ఇజ్జాడ కొండలరావు గారికి,

గుడ్స్ షెడ్డు గుమాస్తా సూర్యారావు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపవలెను అని మొదలుపెట్టడం మన పెద్దలు నేర్పిన మర్యాద. ఇక్కడ క్షేమం లేదు. మీ క్షేమమా, తిల్దా నుంచి వచ్చే ప్రతి లారీ డ్రైవరూ చెబుతూనే ఉన్నాడు, మిల్లుకి రెండో షెడ్డు లేచిందట. కాబట్టి ఆ రెండు ముక్కలూ వదిలేసి, "గారు"ని కూడా ఇక్కడితో వదిలేసి అసలు సంగతికొస్తాను.

ఒరే కొండలూ, మనం మాట్లాడుకుని మూడేళ్లయింది. అయినా మొన్న శనివారం ప్యాసింజరెక్కి తిల్దా వచ్చాను. నీ గేటు దగ్గర మనిషి సేఠ్‌జీ ఊళ్లో లేరన్నాడు. నీ స్కూటరు వసారాలో ఉంది. లోపలి నుంచి నీ దగ్గు వినిపించింది. షెడ్డులో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇన్నేళ్లు ఆ దగ్గు విన్నవాణ్ణి, దాన్ని పోల్చుకోలేనా? తిరుగు బండిలోనే నిర్ణయించుకున్నాను. గేటు దాటలేని మనిషి కన్నా ఉత్తరం నయం. దాన్ని ఊళ్లో లేనని తిప్పి పంపలేవు.

ఇక్కడ గుఢియారిలో నువ్వు కట్టిన లైను ఇళ్ల సంగతి రాస్తున్నాను. అందులో ఉన్నవాళ్లంతా మన పార్వతీపురం, బొబ్బిలి వైపు వాళ్లే. ఆ గదులు కట్టిన కొత్తలో నువ్వు వాళ్లకొక మాట నేర్పావు. ఎవరైనా సర్కారు బాబు సంచీ తగిలించుకొచ్చి అడిగితే అద్దెకున్నామని చెప్పకండి, కొండలరావు చుట్టాలమని చెప్పండి అని. అద్దె ఇళ్లంటే మునిసిపాలిటీ పన్ను పెరుగుతుంది కదా, అందుకు. వాళ్లు కూడా సంతోషంగా ఒప్పుకున్నారు. హిందీ ఊళ్లో మన భాష మాట్లాడే ఆసామి తన చుట్టాలని చెప్పుకోమంటే ఎవరికి చేదు? ఏళ్ల తరబడి నమ్మకంగా నీ పన్ను కాపాడారు.

అద్దె కట్టే పద్ధతి కూడా అలాంటిదే. జీతాలొచ్చాక వచ్చే ఆదివారం అరుగు మీద ఆ లైనులోనే ఉండే మీ అమ్మగారు, చుట్టరికం లేకపోయినా నేను పిన్ని అని పిలిచే రంగనాయకమ్మ గారు, కూర్చుంటుంది. ఆడవాళ్లు అద్దె తెచ్చి ఆవిడ చేతిలో పెడతారు. ఆవిడ డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి వాళ్ల నోట్లో పెడుతుంది. రసీదు అడిగితే పెద్దావిణ్ణి అనుమానించినట్టని వాళ్లూ అడగరు. ఆ బెల్లం ముక్కే రసీదు. నోట్లో కరిగిపోయే రసీదు.

ఇప్పుడు జరిగింది విను. తక్కువ రాబడి వాళ్ల అద్దెలో సగం సర్కారు భరించే ఏర్పాటు ఈ ఊళ్లో రెండు వార్డుల్లో మొదలుపెట్టారు. అందులో మనదొకటి. వైశాఖంలో సర్వే బాబు సంచీతో లైనులోకి వచ్చాడు. సంచీ చూడగానే మనవాళ్లు పన్ను బాబు అనుకున్నారు. కిరాయా దేతే హో, అద్దె కడుతున్నారా అని అతనడిగితే, నహీ బాబూ, హమ్ సబ్ రిస్తేదార్ హై అని, గది గదికీ నువ్వు నేర్పిన చుట్టాల పాటే. పైగా రెండో గది పరదేశి పెళ్లాం మజ్జిగ కూడా ఇచ్చి పంపింది. అతను మజ్జిగ తాగి, ఇక్కడ అద్దెవాళ్లెవరూ లేరని రాసుకుని, ఎదురు లైనులోకి వెళ్లాడు. ఆ ఎదురు లైను ఛత్తీస్‌గఢీ వాళ్లకి జ్యేష్ఠం నుంచే సాయం అందుతోంది. మనవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు.

ఈ పొరపాటు మనవాళ్లు తప్ప ఎవరూ చెయ్యలేరు. తమకొచ్చే సాయాన్ని, ఇంటివాడి మాట నిలబెట్టడం కోసం, మజ్జిగ పోసి మరీ సాగనంపారు.

అందరి సంగతీ ఒక ఎత్తు, అప్పలనరసమ్మ సంగతి ఒక ఎత్తు. చివరి గది మనిషి. మొగుడు పోయాక ధాన్యం గోదాంలో చెరిగే పనికి పోతోంది. ఇద్దరాడపిల్లలూ స్టేషను వెనక బడిలో చదువుతున్నారు. నీ మిల్లు గుమాస్తా వచ్చి, శ్రావణం నుంచి అద్దె పెరుగుతుందనీ ఇవ్వలేనివాళ్లు ఈ నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలనీ చెప్పిపోయాడు. ఆమెకి మిగిలింది ఊరి చివర టాటీబంధ్‌లో లారీలాగే చోట తమ్ముడి గుడిసె. అక్కడి నుంచి గోదాముకి నడవలేదు, పిల్లలు బడికి నడవలేరు. పెద్దదాన్ని బడి మాన్పించి ఢాబాలో గిన్నెలకి పెడతామని ఆ తమ్ముడు అప్పుడే అంటున్నాడు. నేనడిగితే ఆమె అన్నది ఇది: మాకేటి తెలుసు బాబూ, ఇంటోడు సెప్పమన్నాడు, సెప్పీసినాం. అబద్దమాడితే పున్నెమొస్తాదనుకున్నాం. గది ఎల్తాదనుకోనేదు.

నేను ఆ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అధికారి మంచివాడే. చుట్టాలమని వాళ్ల నోటితో వాళ్లే చెప్పారు, ఇప్పుడు కాదంటే ఎలా నమ్మను, అద్దె పుచ్చుకునేవాళ్లు వచ్చి పుచ్చుకుంటున్నామని చెప్పాలి, అభ్యంతరాలకి గురువారం ఆఖరు అన్నాడు. అంటే నువ్వు రావాలి. నాలుగు ముక్కలు చెప్పాలి. అంతే.

రెండు వారాల కిందట తిల్దా వస్తున్న సత్తిరాజు చేత కబురు పెడితే నువ్వు పంపిన జవాబు నాకు చేరింది. పన్ను మీద పడుతుందన్నది మొదటి ముక్క. అది నిజమే, పడుతుంది, పడాలి కూడా. రెండో ముక్కకే నాకు ఒళ్లు మండింది. సర్కారు సొమ్ముకి చెయ్యి చాపడం మనవాళ్లకి నామోషీ అన్నావట.

నామోషీయా? నీ మిల్లుకి రాయితీ కరెంటు శాంక్షనైన రోజున లైనంతా లడ్డూలు పంచింది ఎవరు? తక్కువ వడ్డీకి సర్కారు అప్పిచ్చినప్పుడు ఆ కాగితం దేవుడి పటం దగ్గర పెట్టి దండం పెట్టింది ఎవరు? నేను మాత్రం తక్కువ తిన్నానా? రైల్వే క్వార్టర్లో ఉన్నాను. నా జీతంలో కోసే అద్దెకి బయట వంటిల్లు కూడా రాదు. అదీ సర్కారు సాయమే. నాకు దాన్ని క్వార్టరంటారు, నీకు ప్రోత్సాహమంటారు, అప్పలనరసమ్మకి వచ్చేసరికి ముష్టి అంటారు. ఆ పేరు పెట్టింది ఎవరో చెప్పు, వాడితోనే నా తగాదా.

ఈ పథకం మీద నాకు మోజని అనుకోకు. మొన్న మా యూనియన్ కరపత్రంలో దీన్నే ఏకిపెట్టాను. సగం అద్దె సర్కారిస్తే చివరికి ఆ సొమ్ము చేరేది ఇంటివాడి జేబుకే. అద్దె పెంచకుండా చేతులు కట్టాలి, ప్రభుత్వమే ఇళ్లు కట్టాలి. అది రాసింది నేనే, రేపు మళ్లీ రాస్తాను. కానీ నెలాఖరుకి గది పోయే మనిషి దగ్గరికెళ్లి, ఉండమ్మా, సరైన విధానం వచ్చేదాకా ఆగు అని చెప్పే మొహం నాకు లేదు. దొరికేది దొరకనీ, మిగతాదానికి పోట్లాడదాం.

నువ్విలాంటివాడివి కాదురా. డెబ్బైనాలుగు రైల్వే సమ్మెలో క్వార్టర్లు ఖాళీ చెయ్యమని నోటీసులొస్తే, నా సామాను నీ ఇంటి వరండాలో పెట్టించి, నా పిల్లలకి నీ మంచం ఇచ్చినవాడివి. అప్పుడు మనం చుట్టాలం కాదు. చుట్టరికం అబద్ధమాడకుండానే నడిచింది.

మిగతా కబుర్లు. వానలు బాగా పట్టాయి, మూడో గది కప్పు కారుతోంది, జోగయ్య టార్పాలిన్ కట్టాడు. మా అమ్మాయి ఊర్మిళ మెట్రిక్ పాసైంది, నీకు చెప్పమంది. పిన్ని చూపు మందగించింది. పొద్దున్నే రిక్షా పిలిపించుకుని అప్పలనరసమ్మని తోడు తీసుకుని కళ్ల డాక్టరు దగ్గరికని వెళ్లింది. ఇంకా రాలేదు. ఆవిడ అరుగు మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. తిల్దాలో పెద్దింట్లో ఉండమని నువ్వెంత పిలిచినా ఆవిడ ఈ లైను వదలదు, ఎందుకో నీకు ఎప్పుడైనా తోచిందా?

గురువారం పదకొండింటికి ఆఫీసు. నువ్వు రాకపోతే మేం ఊరుకుంటామని అనుకోవద్దు. లైనంతా వెళ్లి ఆ మెట్ల మీద కూర్చుంటాం. నీ గుమాస్తా ఏ గదికైనా తాళం వెయ్యడానికొస్తే ముందు నేను అడ్డంగా పడుకుంటాను. బెదిరింపనుకో, స్నేహమనుకో, నీ ఇష్టం.

కోపం తగ్గని, స్నేహం పోని
సూర్యారావు

తా.క. సంతకం పెట్టి కవరు అంటించబోతుంటే పిన్ని రిక్షా దిగింది. పైన నిన్ను బతిమాలినట్టు రాసిందంతా ఇప్పుడు అక్కర్లేకుండా పోయింది. అయినా చింపకుండా పంపుతున్నాను, చదవడం నీకు అవసరం.

ఆవిడ కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఆ ఆఫీసుకి వెళ్లింది. అద్దె పుచ్చుకునేదాన్ని నేను, నన్నడగండి అందట. మీ రిస్తేదార్లని రాసి ఉందే అని అధికారి అంటే, ఆవిడ తన హిందీలో చెప్పిన జవాబు అప్పలనరసమ్మ నవ్వుతూ ఏడుస్తూ లైనంతా తిరిగి వినిపిస్తోంది. రిస్తేదారే బాబూ, అందుకే వీళ్ల విషయంలో ఝూట్ నహీ బోలూంగీ, అబద్ధం చెప్పను. కిరాయా మేరే హాథ్ మే దేతే హై. పన్నెంతో మా వాడికి చెప్పండి, వాడు కడతాడు.

ఆయన అక్కడికక్కడే రాసుకున్నాడట. ఈ నెల నుంచే సాయం. అప్పలనరసమ్మ గది ఎక్కడికీ పోదు. పెంచిన అద్దె పుచ్చుకోనని కూడా పిన్ని అరుగు మీద నిలబడి చెప్పేసింది. నీ గుమాస్తా వసూలుకొస్తే ముందు ఆవిణ్ణి దాటాలి.

గురువారం ఇంకా ఉంది. అది వాళ్లకి కాదు, నీకు. ఇంటివాడు తనంతట తాను వచ్చి నిజం చెబితే దాచినందుకు జరిమానా ఉండదట. ఆ మాట పిన్ని అడిగి మరీ చెప్పించుకుంది.

డబ్బాలోంచి ఒక ముక్క తీసి ఆవిడ విడిగా పెట్టింది. నువ్వొచ్చి చెప్పాక నీ నోట్లో పెడుతుందట. చీమలు పట్టకుండా నేను చూస్తున్నాను. త్వరగా రా. వానాకాలం బెల్లంరా, ఎక్కువ రోజులు ఆగదు.