కొండకీ ఏటికీ మధ్య కాపురం

అక్కా,

అక్షరాలు వంకరగా ఉన్నాయనీ, తప్పులున్నాయనీ నవ్వకు. బల్ల మీద మామగారు పడుకున్నారు, బియ్యం డబ్బా మీద పెట్టి రాస్తున్నాను.

ఇక్కడ ఒకవైపు కొండ, ఒకవైపు ఏరు. మధ్యనున్న చాపంత చదును నేల మీదే పొలాలూ, దుకాణాలూ, ఊరంతా. రెండు గదుల్లో ఏడుగురం. మీ మరిది తుమ్మితే పక్కింటావిడ "చల్లగా ఉండు నాయనా" అంటుంది. అత్తయ్యగారేమో రోజూ "ఏమ్మా, విశేషం లేదా?" అంటారు. మా ఇద్దరి మధ్య ఆడపడుచు పడుకుంటే విశేషం ఎలా ఉంటుందక్కా?

కొండమీది క్వారీలో ఆయనకి కాపలా పనీ, ఒక గదీ ఇస్తామన్నారు. అక్కడ నీళ్ళు లేవు, పంట లేదు, అందుకే మనిషీ లేడు. నీళ్ళు నేను మోస్తాను. కొండగాలి నాకు మంచిదని మీ డాక్టరు అన్నట్టు అత్తయ్యగారికి రాయవూ?

ఇది చదవగానే కాల్చెయ్యి. ఎవరూ చూడకుండా కాల్చడానికి మీ ఇంట్లో చోటైనా ఉంది.

నీ చెల్లి