కాజాలు కుడితే నడిచినట్టా?

వృద్ధుల ఆరోగ్య విభాగం అధికారి గారి సముఖమునకు, రిటైరైన బస్సు కండక్టరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య కాళ్ళలో లేని సత్తువను తమ కంప్యూటరులో పెంచి, ఇంటికి వచ్చే వ్యాయామపు అమ్మాయిని మాన్పించుట గురించి.

1. నా భార్య జ్వరంతో చాలాకాలం మంచాన పడి, తొడల్లో కండ కరిగి, కుర్చీలోంచి తనంతట లేవలేని స్థితికి వచ్చినది. తమరు పంపిన అమ్మాయి వారం వారం వచ్చి, నడుం పట్టుకుని లేపి, గుమ్మందాకా నడిపించేది. ఇందులో ఆక్షేపణ లేదు. తమ ఆఫీసు చేసిన మంచిపని అదొక్కటే, అదీ పొరపాటున జరిగినట్టుంది.

2. పిమ్మట తమవారు ఆమె చేతికి అడుగులు లెక్కపెట్టే ఒక పట్టీ తగిలించి, ఇకపై కండ బాగోగులు ఇదే చూసుకుంటుందని సెలవిచ్చినారు. నా భార్య దర్జీ షాపులకు కాజాలు కుట్టి ఇచ్చే మనిషి. కాళ్ళు సహకరించకపోయినా చేతులు ఊరుకోవు. పొద్దస్తమానం సూది లాగుతూనే ఉంటుంది. లాగిన ప్రతిసారీ ఆ పట్టీ ఒక అడుగని లెక్క వేసుకున్నది. కుర్చీ కదలని మనిషి ఈ విధముగా తమ లెక్కల్లో ఊళ్ళు తిరిగి వచ్చినది.

3. అందుపై తమరు కండబలం పుంజుకున్నదని తేల్చి అమ్మాయిని ఆపివేసినారు. కుట్టేటప్పుడు పట్టీ తీసేస్తామంటే, తీస్తే పథకంలోంచి పేరు కొట్టేస్తామని ఫోనులో బెదిరించినారు. స్వయముగా వచ్చి విన్నవించుకోగా తమరు తలైనా ఎత్తకుండా, "మెషిన్ అబద్ధం చెప్పదు పెద్దాయనా. మీ ఆవిడే బద్ధకిస్తోందేమో చూసుకోండి," అన్నారు. టిక్కెట్టు లేకుండా ఎక్కి నన్నే దబాయించిన ఘనులను సర్వీసంతా చూశాను. వాళ్ళు కనీసం నా మొహం చూసి అబద్ధమాడేవాళ్ళు.

4. ఫోనులో వ్యాయామం వీడియో ఉన్నది కదా అంటారు. ఉన్నది. అందులో ఒక పడుచుపిల్ల నవ్వుతూ గుంజీళ్ళు తీస్తుంది. మా ఆవిడ చూసి, బాగానే చేస్తోంది, మధ్యలో మనమెందుకు అన్నది. పడబోతే ఆ వీడియో పట్టుకుంటుందా అయ్యా? బుర్ర ఉన్నవాడెవడైనా (ఈ వాక్యము కొట్టివేయడమైనది).

కావున పట్టీని వెనక్కి తీసుకుని, అమ్మాయిని తిరిగి పంపవలసినదిగా ప్రార్థన. తీరిక దొరికితే చిత్తగించవలెను.

గత్యంతరం లేక తమ విధేయుడు,
రిటైర్డు కండక్టరు

తా.క.: ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ, "ఇన్ని మాటలంటే పంపేవాళ్ళు కూడా పంపరు. నిన్నటి సంగతి రాయండి," అంది. సిగ్గుపడి రాయలేదు. నిన్న బాత్రూము గుమ్మంలో ఆమెను లేపబోయి నేనూ పడ్డాను. నా చేతుల్లోనూ పట్టు లేదు. సాయంత్రం పాలు పోసే అతను వచ్చేదాకా ఇద్దరం నేల మీదే ఉన్నాం. ఏం కాలేదులెండి అంటూ ఆమే నా తల నిమురుతూ కూర్చుంది. బాబూ, పైన రాసినవన్నీ కావాలంటే కొట్టేసుకోండి. ఆ అమ్మాయిని పంపండి. ఈసారి పడితే లేస్తామన్న నమ్మకం నాకు లేదు.